మేడ మీద వైఫై, కింద టీవీ: కాస్ట్ గుర్తు ఎందుకు మాయమవుతుంది?

హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. ఫైబర్ కనెక్షన్ వాళ్లు బిగించి వెళ్లిన బాక్సు కింది హాల్లో ఉంటుంది. దాని సిగ్నల్ మేడ మీదికి సరిగ్గా అందదు కాబట్టి ఇంకో రౌటర్ కొని, కింద నుంచి వైరు లాగి పైన పెట్టుకుంటారు. అప్పటి నుంచి పైన కూర్చున్నవాళ్ల ఫోనులో వీడియోలు ఆడతాయి, కింద టీవీకి తగిలించిన క్రోమ్‌కాస్ట్‌లోనూ ఆడతాయి. ఫోనులోంచి టీవీకి పంపడానికి నొక్కే ఆ చిన్న కాస్ట్ గుర్తు మాత్రం తెర మీద కనపడదు. ఎవరిని అడిగినా ఒకటే జవాబు: రెండూ ఒకే వైఫైలో ఉండాలి. మాట నిజమే గాని అందులో కారణం లేదు. ఎక్కడో అమెరికాలో ఉన్న సర్వర్‌ను క్షణంలో అందుకునే ఫోను, పది మెట్లు దిగితే ఉండే టీవీని అందుకోలేకపోవడం ఏమిటి? నిజానికి అందుకోగలదు. అక్కడ టీవీ ఉందని దానికి తెలియదు, అంతే. దారి బాగానే ఉంది, పరిచయమే చెడింది. ఆ పరిచయం ఎందుకు చెడిందో తెలిస్తే రెండు నెట్‌వర్కుల మధ్య గోడను ఎప్పుడు కూల్చాలో, ఎప్పుడు ఉంచి పని జరుపుకోవాలో కూడా తేలుతుందని నా వాదన.

ముందు ఆ గోడ సంగతి. ఇళ్లలో వాడే ఐపీ అడ్రసులు ఎవరికీ సొంతం కావు. ఇంటర్నెట్ నియమాలను ప్రకటించే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలు అంటారు. వాటిలో 1996 ఫిబ్రవరిలో వచ్చిన 1918వ పత్రం మూడు వరసల అడ్రసులను ప్రైవేటు నెట్‌వర్కుల కోసం కేటాయించింది. 192.168తో మొదలయ్యే వరస అందులో ఒకటి. లక్షల ఇళ్లలో అవే అడ్రసులు ఉన్నా గొడవ రాకపోవడానికి కారణం అదే. మనం అనుకున్న ఇంట్లో కింది బాక్సు 192.168.1తో మొదలయ్యే అడ్రసులు పంచుతోంది, క్రోమ్‌కాస్ట్‌కు 192.168.1.40 దొరికింది. పై రౌటర్ తన వైఫైలో చేరినవాటికి 192.168.0తో మొదలయ్యేవి ఇస్తోంది, ఫోనుది 192.168.0.23. అడ్రసుతో పాటు ప్రతి పరికరానికీ 255.255.255.0 అనే ఇంకో సంఖ్య అందుతుంది, దాన్ని సబ్‌నెట్ మాస్క్ అంటారు. అడ్రసులో మొదటి మూడు భాగాలు నాతో కలిసినవాళ్లంతా నా పక్కవాళ్లు, మిగతావాళ్లంతా బయటివాళ్లు అని దాని అర్థం. ఒక నెట్‌వర్కును ఇలా ముక్కలు చేసుకునే పద్ధతి 1985 నాటి ఆర్‌ఎఫ్‌సీ 950 నుంచి ఉన్నదే. పక్కవాళ్లతో మాట్లాడాలంటే ఫోను ‘ఈ అడ్రసు ఎవరిది?’ అని అందరికీ వినపడేలా అడిగి, జవాబిచ్చినవాళ్లకు నేరుగా ప్యాకెట్ అందిస్తుంది. బయటివాళ్లకైతే ఆ ప్యాకెట్‌ను రౌటర్ చేతిలో పెట్టి ఊరుకుంటుంది. ఈ లెక్కన మేడ కింది టీవీ అయినా, కాలిఫోర్నియాలోని సర్వర్ అయినా ఫోనుకు ఒకటే. రెండూ బయటివే.

దారి బాగానే ఉందన్న మాటను ఎవరైనా పరీక్షించి చూసుకోవచ్చు. పింగ్ చేసే యాప్ ఒకటి ఫోనులో వేసుకుని, పై వైఫైలోనే ఉండి 192.168.1.40కి పింగ్ కొడితే జవాబు వస్తుంది. ఎలా వచ్చిందో చూడండి. ఫోను తన ప్యాకెట్‌ను పై రౌటర్‌కు ఇచ్చింది. ఆ రౌటర్‌కు ‘బయట’ అంటే కింది బాక్సు పంచే నెట్‌వర్కే, ఎందుకంటే దాని ఇంటర్నెట్ వైరు వెళ్లి దిగేది అక్కడే. అది పంపినవాడి అడ్రసు చెరిపి తన అడ్రసు రాసుకుని ప్యాకెట్‌ను కిందికి వదిలింది. ఈ అడ్రసు మార్పిడినే నాట్ అంటారు. క్రోమ్‌కాస్ట్ దృష్టిలో అడిగింది పై రౌటర్, దానికే జవాబిచ్చింది. రౌటర్ ఆ జవాబును ఫోనుకు చేర్చింది. కాస్ట్ ఆదేశాలు వెళ్లే 8009 నంబరు పోర్టుకు కూడా ఇదే దారిలో వెళ్లవచ్చు, అడ్డేమీ లేదు. తిరగేసి చూస్తే మాత్రం కథ మారుతుంది. టీవీ పైన, ఫోను కింద ఉంటే కింది బాక్సుకు 192.168.0 అనే వరస ఇంట్లో ఉందన్న సంగతే తెలియదు. తెలిసినా పై రౌటర్ బయటి నుంచి తనంతట తాను వచ్చే ప్యాకెట్‌ను లోపలికి రానివ్వదు. రెండు రౌటర్ల ఇంట్లో గోడకు తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది. సలహాలిచ్చేవాళ్లు చాలామంది ఈ తేడాను పట్టించుకోరు. అందుకే ఒక ఇంట్లో పనిచేసిన చిట్కా పక్కింట్లో పనిచేయదు.

మరి అడ్డం లేని దారిలో కూడా గుర్తు ఎందుకు కనపడదు? కాస్ట్ చేసే యాప్ ఎవరి అడ్రసూ గుర్తు పెట్టుకోదు, మనల్నీ అడగదు. తెరిచిన ప్రతిసారీ చాటింపు వేస్తుంది: గూగుల్‌కాస్ట్ సేవ అందించేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఊళ్లో దండోరా వేసినట్టు అది పేరుపేరునా వెళ్లదు, ఆ పరిధిలో చెవి ఒగ్గిన ప్రతి పరికరానికీ చేరుతుంది, పొలిమేర దాటదు. సాంకేతికంగా చెప్పాలంటే ఆ ప్రశ్న 224.0.0.251 అనే అడ్రసుకు, 5353 పోర్టుకు వెళ్తుంది. అది ఏ ఒక్క యంత్రానిదీ కాదు, వినదలచుకున్నవాళ్లందరిదీ. ఇలాంటి పంపకాన్ని మల్టీకాస్ట్ అంటారు. స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసిన స్టీవ్ డీరింగ్ 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1112గా దీనికి రూపమిచ్చాడు. దాని మీద పేర్లు వెతికే పద్ధతిని కట్టింది ఆపిల్. 2002లో మ్యాక్ ఓఎస్ ఎక్స్ 10.2తో రాందెవూ పేరున వచ్చి, 2005లో బాంజూర్‌గా పేరు మార్చుకున్న ఆ పద్ధతి 2013 ఫిబ్రవరిలో స్టువర్ట్ చెషైర్, మార్క్ క్రోక్‌మల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 6762గా ప్రమాణమైంది. దీన్నే ఎండీఎన్‌ఎస్ అంటారు. 224.0.0తో మొదలయ్యే మల్టీకాస్ట్ అడ్రసులకు వచ్చిన ప్యాకెట్‌ను ఏ రౌటరూ ఒక సబ్‌నెట్ నుంచి ఇంకో సబ్‌నెట్‌కు పంపకూడదన్నది నియమం. ప్యాకెట్ మీద ఇంకా ఎంత ఆయుష్షు రాసి ఉన్నా సరే. కాబట్టి పై రౌటర్ ఆ చాటింపును కిందికి వదలకపోవడం లోపం కాదు, అది తన పని సరిగ్గా చేస్తోంది.

పాత తరం టీవీలు, ఇంట్లోని ఫైళ్లను టీవీకి అందించే డీఎల్‌ఎన్‌ఏ సర్వర్లు వాడే ఎస్‌ఎస్‌డీపీ పద్ధతిలో కొంచెం మెలిక ఉంది. 2013 జులైలో 35 డాలర్లకు క్రోమ్‌కాస్ట్ వచ్చినప్పుడు అది కూడా మొదట ఈ పద్ధతి మీదే నడిచింది, తర్వాత ఎండీఎన్‌ఎస్‌కు మారింది. ఎస్‌ఎస్‌డీపీ చాటింపు 239.255.255.250కి, 1900 పోర్టుకు వెళ్తుంది. ఈ అడ్రసు మీద పొలిమేర దాటరాదన్న నిషేధం లేదు. ప్యాకెట్ ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పే టీటీఎల్ అంకె ప్రమాణంలో మొదట 4గా, తర్వాతి కూర్పులో 2గా ఉంది. అంటే రాసినవాళ్లు ఇంట్లో ఒకటి రెండు రౌటర్లు ఉండవచ్చని ఊహించారన్నమాట. మల్టీకాస్ట్‌ను ఒక సబ్‌నెట్ నుంచి ఇంకోదానికి నడిపే ఏర్పాటు మాత్రం ఇళ్లలో వాడే రౌటర్లలో సాధారణంగా ఉండదు. కాబట్టి ఫలితం మళ్లీ అదే.

ఈ పరిమితిని తెలివితక్కువతనంగా కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మల్టీకాస్ట్ ఎంత ఖరీదైనదో తెలియాలంటే వైఫై లోపల ఏం జరుగుతుందో చూడాలి. ఒక ఫోనుకు మాత్రమే వెళ్లే ప్యాకెట్‌ను వైఫై ఆ ఫోను తట్టుకోగల అత్యధిక వేగంతో పంపుతుంది, అందిందో లేదో కనుక్కుంటుంది, అందకపోతే మళ్లీ పంపుతుంది. అందరికీ వెళ్లేదాన్ని అలా పంపడం కుదరదు. మూలగదిలో సిగ్నల్ అందీ అందకుండా ఉన్న పాత పరికరానికి కూడా వినపడాలి కాబట్టి కనీస వేగంతో, 2.4 గిగాహెర్ట్జ్‌లో చాలాచోట్ల సెకనుకు 1 మెగాబిట్‌తో, పంపుతుంది. అందిందని ఎవరూ చెప్పరు, పోతే పోయినట్టే. పైగా బ్యాటరీ ఆదా కోసం కునుకు తీసే ఫోన్లు మేలుకునే వేళ దాకా ఆగి పంపాలి. వందల మెగాబిట్ల వేగంతో వీడియో నడిచే గాలిలో ఈ నత్తనడక ప్యాకెట్ ఎంతసేపు ఉంటే అంతసేపూ మిగతా అందరూ ఆగాలి. 2021 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9119 మొత్తం ఈ ఇబ్బందుల గురించే. నాలుగు పరికరాల ఇంట్లో ఇది లెక్కలోకి రాదు గాని వేలమంది విద్యార్థులున్న క్యాంపస్‌లో ప్రతి ల్యాప్‌టాప్ చాటింపూ ప్రతి హాస్టల్ గదికీ వెళ్తే నెట్‌వర్కు మీద వేరే పని జరగదు. అందుకే అక్కడి నిర్వాహకులు నెట్‌వర్కును ముక్కలు చేసి మల్టీకాస్ట్‌ను కత్తిరిస్తారు. అప్పుడు ప్రొఫెసరుగారి ఐప్యాడ్‌కు తరగతి గదిలోని ఆపిల్ టీవీ కనపడదు. ఈ చిక్కు ముదిరి 2012లో అమెరికా ఉన్నత విద్యాసంస్థల నెట్‌వర్కు నిర్వాహకులు ఆపిల్‌కు వినతిపత్రమే పెట్టుకున్నారు. సబ్‌నెట్లు దాటి సేవలను వెతికే పద్ధతి కోసం ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్‌లో పని మొదలవడానికి అది ఒక కారణం. ఏమేం కావాలో తేల్చిన ఆర్‌ఎఫ్‌సీ 7558 కూడా 2015లో ఆ వినతిపత్రాన్ని ప్రస్తావించింది.

ఖర్చు కన్నా లోతైన కారణం ఇంకొకటుంది. చాటింపు వినపడేంత దగ్గరలో ఉన్నవాడు ఇంటివాడే అని ఈ పరికరాల్లో చాలావరకు నమ్ముతాయి. ఒకే వైఫైలో చేరిన ఎవరైనా సరే, పాస్‌వర్డ్ ఏదీ లేకుండా టీవీలో ఆడుతున్నదాన్ని ఆపేయగలరు, తమ పాట పెట్టగలరు. విండోస్ ఫైర్‌వాల్‌లో ఫైళ్లు పంచుకునే నియమాలు చూసినా, ప్రైవేటు నెట్‌వర్కులో అవి మామూలుగా లోకల్ సబ్‌నెట్‌కు మాత్రమే తెరిచి ఉంటాయి. అంటే దగ్గరితనమే అనుమతి. వెతకడం ఒక పని, అనుమతించడం ఇంకో పని. ఈ రెంటినీ కలిపి సబ్‌నెట్ గోడకే అప్పగించేశారు. ఈ నమ్మకం ఎంత పలచనిదో రెండు సంఘటనలు చూపించాయి. 2018 జూన్‌లో ట్రిప్‌వైర్ సంస్థ పరిశోధకుడు క్రెయిగ్ యంగ్, ఇంట్లోవాళ్లు బ్రౌజర్‌లో ఒక వెబ్ పేజీ తెరిస్తే చాలు, ఆ పేజీ లోపలి నుంచే క్రోమ్‌కాస్ట్‌ను పలకరించి, చుట్టుపక్కల వైఫైల జాబితా లాగి, దాన్నిబట్టి ఆ ఇల్లు ఎక్కడుందో కొద్ది మీటర్ల తేడాతో పసిగట్టగలదని చూపించాడు. అడిగింది ఇంట్లోని బ్రౌజరే కదా అని క్రోమ్‌కాస్ట్ జవాబిచ్చేసింది. గూగుల్ తర్వాత దాన్ని సరిదిద్దింది. 2019 జనవరిలో అయితే వేల ఇళ్ల టీవీల్లో పిలవని వీడియో ఒకటి ప్రత్యక్షమైంది: మీ పరికరం బయటి ప్రపంచానికి తెరిచి ఉంది, సరిచేసుకోండి, పనిలో పనిగా ప్యూడీపై అనే యూట్యూబర్ ఛానెల్‌కు సబ్‌స్క్రైబ్ చేయండి అని. ఆ ఇళ్ల రౌటర్లలో యూపీఎన్‌పీ అనే సౌకర్యం 8008, 8009 వంటి పోర్టులను బయటికి తెరిచి పెట్టడం వల్ల ఇది సాధ్యమైంది. గోడకు చిల్లు పడితే వెనక ఇంకో తాళం లేదని దీంతో తేలింది.

ఇప్పుడు మన ఇంటికి తిరిగి వస్తే, ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ గోడ ఎవరైనా కావాలని కట్టిందా? మేడ మీది రౌటర్ విషయంలో కాదు. సిగ్నల్ కోసం కొన్న వస్తువు తన అలవాటు కొద్దీ ఇంకో సబ్‌నెట్ తయారుచేసి కూర్చుంది. అలాంటి గోడను మోయాల్సిన పనిలేదు, తీసేయడమే మేలు. చాలా రౌటర్ల సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటుంది. అది పెడితే రౌటర్ తన సొంత అడ్రసులు పంచడం మానేసి, కింది బాక్సు పంచేవాటినే పైకి అందిస్తుంది. ఆ మోడ్ లేకపోతే అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, రౌటర్ సొంత అడ్రసును కింది వరసలో ఇంకెవరికీ రానిదానికి మార్చి, వైరును ఇంటర్నెట్ రంధ్రంలోంచి తీసి పక్కనున్న ల్యాన్ రంధ్రంలో పెడితే అదే ఫలితం వస్తుంది. వైరు మార్చడం మర్చిపోతే పైన చేరినవాటికి అడ్రసే దొరకదు. డీహెచ్‌సీపీ ఆపకుండా వైరు మారిస్తే ఒకే నెట్‌వర్కులో ఇద్దరు అడ్రసులు పంచుతూ ఇల్లంతా గందరగోళమవుతుంది. దీన్ని వ్యతిరేకించేవాళ్ల వాదన ఒకటుంది: రెండు రౌటర్లుంటే రెండు పొరల రక్షణ కదా? లేదు. పైవాళ్లు కిందివాళ్లను అందుకోగలరని పింగ్ పరీక్షలోనే చూశాం. పైన చేరిన ఫోనులో వైరస్ ఉంటే అది కింది ప్రతి పరికరాన్నీ తట్టి చూడగలదు. ఇంట్లోవాళ్లను ఇబ్బంది పెడుతూ, చెడ్డవాళ్లను సగమే ఆపే గోడ అది.

కావాలని కట్టిన గోడ సంగతి వేరు. చౌక సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు, టీవీలు ఒక నెట్‌వర్కులో, సొంత కంప్యూటర్లు, ఫోన్లు ఇంకోదానిలో పెట్టుకునేవాళ్లు పెరుగుతున్నారు. వాళ్లది వట్టి అనుమానం కాదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను, రౌటర్లను పట్టుకుని సైన్యంగా మార్చింది. ఆ ఏడాది అక్టోబరు 21న డైన్ అనే డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ల పేర్లకు అడ్రసులు చెప్పే) కంపెనీ మీద పడితే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందకుండా పోయాయి. అలాంటి కెమెరా ఉన్న గదిలోనే బ్యాంకు పనులు చేసే ల్యాప్‌టాప్ కూడా ఉండాల్సిన అవసరం ఏముంది? ఒకే స్విచ్చు మీద వేర్వేరు నెట్‌వర్కులు నడిపే వీల్యాన్ పద్ధతి 1998 నుంచి ప్రమాణంగా ఉంది. ఇప్పుడు ఇంటి రౌటర్లలోనూ కొన్నింటిలో దొరుకుతోంది. ఇక్కడ ‘అన్నీ ఒకే వైఫైలో పెట్టండి’ అనడం, తలుపు బిగుసుకుపోయిందని గోడ కూల్చమనడమే. గోడ ఉండనిచ్చి చాటింపును మాత్రం అటు చేర్చాలి.

ఆ పని చేసేదాన్ని రిఫ్లెక్టర్ అంటారు. లినక్సులో అవాహి అనే ప్రోగ్రాములో ఒక్క సెట్టింగు మారిస్తే వస్తుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్న రౌటర్లలోనూ దాన్నే పెట్టుకోవచ్చు. ఇది పనిచేసే తీరు దగ్గరగా చూడదగ్గది. తమ సబ్‌నెట్‌కు చెందని అడ్రసు నుంచి వచ్చిన ఎండీఎన్‌ఎస్ మాటలను పరికరాలు పట్టించుకోకపోవచ్చు. కాబట్టి ఫోను ప్యాకెట్‌ను ఉన్నదున్నట్టు అటు విసిరితే లాభం ఉండకపోవచ్చు. రౌటర్‌కు రెండు సబ్‌నెట్లలోనూ ఒక్కో అడ్రసు ఉంటుంది కదా; అది ఫోను ప్రశ్నను ఒక చెవితో విని, టీవీ ఉన్నవైపు తన సొంత అడ్రసుతో, తన సొంత గొంతుతో మళ్లీ అడుగుతుంది. టీవీకి అది పక్కవాడి ప్రశ్నే. తన పేరు, అడ్రసు, పోర్టు చెబుతుంది. రౌటర్ ఆ జవాబును ఇటువైపు మళ్లీ చాటుతుంది, కానీ జవాబు లోపల రాసి ఉన్న అడ్రసు మారదు, అది టీవీ అసలు అడ్రసే. ఫోను దాన్ని చదువుకుని, ఇక చాటింపులతో పని లేకుండా, మామూలు ప్యాకెట్లతో రౌటర్ ద్వారా నేరుగా టీవీ దగ్గరికి వెళ్తుంది. రిఫ్లెక్టర్ పాత్ర అక్కడితో సరి. వీడియో దాని గుండా పోదు. ఆ మాటకొస్తే యూట్యూబ్ వంటివాటిలో వీడియో ఫోను గుండా కూడా పోదు. ఏం ఆడాలో ఫోను చెబుతుంది, టీవీ ఇంటర్నెట్ నుంచి తానే తెచ్చుకుంటుంది.

చాటింపు అటూ ఇటూ తిరిగితే గోడ ఉండి ఏం లాభమన్నది సహజమైన ఆక్షేపణ. పేర్లు తెలియడం, లోపలికి రావడం ఒకటి కావు. ఫోన్లు, కంప్యూటర్లు ఉన్న వైపు నుంచి టీవీ వైపుకు 8008, 8009 పోర్టులను మాత్రం తెరిచి, టీవీల వైపు నుంచి తమంతట తాము మొదలుపెట్టే మాటలన్నింటినీ ఆపేయమని ఫైర్‌వాల్‌కు చెప్పవచ్చు. ఫోను మొదలుపెట్టిన సంభాషణకు టీవీ జవాబులు మాత్రం వస్తాయి, ఎందుకంటే ఏ సంభాషణ ఎవరు మొదలుపెట్టారో ఫైర్‌వాల్ గుర్తుపెట్టుకుంటుంది. మాల్‌వేర్ పట్టిన కెమెరా ల్యాప్‌టాప్ పేరు వినగలదేమో గాని దాని తలుపు తట్టలేదు. ఈ ఏర్పాటులో ఒక నిజమైన ఇబ్బంది ఉంది, దాన్ని దాచకూడదు. ఫోనులోనే ఉన్న పెళ్లి వీడియోను కాస్ట్ చేస్తే టీవీ దాన్ని ఫోను దగ్గరికి వచ్చి తీసుకోవాలి. డీఎల్‌ఎన్‌ఏలోనూ టీవీయే కంప్యూటరు దగ్గరికి వెళ్లి ఫైలు అడుగుతుంది. మొదలుపెట్టేది టీవీ కాబట్టి ఫైర్‌వాల్ ఆపేస్తుంది. గుర్తు కనపడుతుంది, నొక్కితే ఆడదు. అలాంటప్పుడు ఫైళ్లున్న ఒక్క యంత్రానికి, ఒక్క పోర్టుకు మినహాయింపు రాసుకోవాలి, లేదా ఆ ఫైళ్ల సర్వర్‌ను టీవీల వైపే పెట్టాలి. రెండోదే నాకు నచ్చుతుంది. మినహాయింపులు పెరిగేకొద్దీ ఏ రంధ్రం ఎందుకు పెట్టామో ఆరు నెలలకు ఎవరికీ గుర్తుండదు. కొన్ని టీవీలు ఇంకా మొండివి: పలకరించింది పక్క సబ్‌నెట్‌వాడని తెలిస్తే నేరుగా వచ్చినా పలకవు. వాటి కోసం రౌటర్ దగ్గర మళ్లీ నాట్ పెట్టి, అడిగింది రౌటరే అన్నట్టు చూపించాల్సి వస్తుంది. ఇంకో జాగ్రత్త, రెండు నెట్‌వర్కుల మధ్య రెండు రిఫ్లెక్టర్లు పెడితే ఒకదాని చాటింపును ఇంకోటి మళ్లీ చాటుతూ ఆగకుండా తిప్పుతాయి. అతిథులకిచ్చే గెస్ట్ వైఫైని మాత్రం ఇందులో కలపకూడదు. చాటింపులో పరికరాల పేర్లుంటాయి, ఇంట్లోవాళ్ల పేర్లు కూడా తరచూ వాటిలోనే ఉంటాయి.

ఇంత తతంగం ఎందుకు, టీవీ అడ్రసు టైపు చేసే పెట్టె ఒకటి యాప్‌లో ఇస్తే పోలేదా అని అడిగితే, అడగడంలో న్యాయముంది. వీఎల్‌సీ, కోడి వంటివి అడ్రసు చేత్తో రాయనిస్తాయి, సబ్‌నెట్ ఏదైనా పనిచేస్తాయి. కాస్ట్ గుర్తున్న మామూలు యాప్‌లు మాత్రం ఆ అవకాశం ఇవ్వవు. డీహెచ్‌సీపీ ఇచ్చే అడ్రసు మారుతూ ఉంటుందనీ, మామూలు మనుషులకు అంకెలు రాయడం కష్టమనీ సమర్థన. రౌటర్‌లో ఒక పరికరానికి ఒక అడ్రసు కేటాయించి పెట్టడం నిమిషాల పని కాబట్టి మొదటి సమర్థన నిలవదు. రెండోది సగం నిజం: అందరికీ అక్కర్లేదు సరే, అక్కరున్నవాళ్లకు మూలన ఒక పెట్టె ఉంచితే నష్టమేమిటో ఎవరూ చెప్పలేదు.

దీనికన్నా బలమైన ఆక్షేపణ ఇంకో వైపు నుంచి వస్తుంది: దగ్గరితనం అనే ఊతకర్రనే పారేసి, పరిచయాలన్నీ ఇంటర్నెట్ ద్వారా చేయించవచ్చు కదా? చేయిస్తున్నారు కూడా. టీవీలో యూట్యూబ్ చూపే కోడ్‌ను ఫోనులో కొడితే రెండూ వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నా జతపడతాయి. ఒకే ఖాతాతో తెరిచిన స్పాటిఫై పరికరాలు సబ్‌నెట్లతో సంబంధం లేకుండా ఒకదాన్నొకటి చూస్తాయి. ఇవి నా వాదనకు వ్యతిరేకం కాదు, సాక్ష్యాలు: వెతకడాన్నీ అనుమతినీ విడదీస్తే గోడ సమస్యే కాదని ఇవి చూపిస్తున్నాయి. కానీ ఇందులో ఒక మూల్యం ఉంది. మేడ మీది నుంచి కిందికి వెళ్లాల్సిన మాట కంపెనీ సర్వర్ దాకా వెళ్లి రావాలి, ఇంటర్నెట్ పోతే పరిచయమూ పోతుంది, ఇంట్లో ఏం ఆడుతోందో ఇంకొకరి లెక్కల్లోకి చేరుతుంది. హార్డ్ డిస్కులోని పాత సినిమా చూడటానికి ఇంత ఎందుకు?

ఇంట్లోనే ఉండి సబ్‌నెట్ దాటే పద్ధతులు కాగితం మీద ఎప్పుడో ఉన్నాయి. వాటి అవసరం కొత్త తరం అడ్రసుల పద్ధతి ఐపీవీ6తోనూ తీరదు, అందులోనూ ఎండీఎన్‌ఎస్ చాటింపు పరిధి ఒక్క లింకే. అడ్రసులు కోకొల్లలుగా దొరికినంత మాత్రాన పొలిమేర చెరిగిపోదు. ఇది ముందే చూసినవాళ్లు ఐఈటీఎఫ్‌లో ఉన్నారు: ఒకే ఇంట్లో అనేక సబ్‌నెట్లు ఉండటమే మామూలవుతుందని 2014 అక్టోబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 7368 ఊహించింది. అన్నీ గుడ్డిగా రెండువైపులా చాటే రిఫ్లెక్టర్ బదులు, అడిగినప్పుడు మాత్రమే అటువైపు కనుక్కుని మామూలు డీఎన్‌ఎస్ జవాబుగా అందించే డిస్కవరీ ప్రాక్సీని 2020 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 8766 వివరించింది. గాలిలో చాటింపులు తగ్గాలంటే దారి అదే. ఇళ్లలోకి నిజంగా వచ్చిన రూపం మాత్రం బల్బుల వెంట వచ్చింది. 2022లో విడుదలైన మ్యాటర్ అనే స్మార్ట్ పరికరాల ప్రమాణంతో, థ్రెడ్ అనే వైర్‌లెస్ పద్ధతిలో పనిచేసే బల్బులు, సెన్సర్లు పూర్తిగా వేరే ఐపీవీ6 సబ్‌నెట్‌లో ఉంటాయి. అవి తమ పేర్లను, థ్రెడ్‌ను ఇంటి నెట్‌వర్కుతో కలిపే బోర్డర్ రౌటర్ దగ్గర నమోదు చేసుకుంటాయి. వాటి తరఫున ఆ రౌటరే వైఫైలో చాటుతుంది. బ్యాటరీ మీద నడిచే సెన్సర్ రోజంతా చాటింపులు వింటూ కూర్చోలేదు కాబట్టి ఆ పద్ధతి పుట్టింది. పైగా పేరు తెలిసినంత మాత్రాన బల్బు వెలగదు. పెట్టెతో వచ్చిన కోడ్ స్కాన్ చేసి ఇంటివాళ్లలో ఒకరిగా చేర్చుకుంటేనే మాట వింటుంది. చిన్న బల్బుకు అమర్చిన ఆ రెండు అంచెలు చాలా టీవీలకు ఇంకా అమర్చలేదు. ఇంటి రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే, 2019లో టీవీలను వీధిన పడేసిన యూపీఎన్‌పీకి చాలావాటిలో కొన్న నాటికే టిక్కు పెట్టి ఉంటుంది. ఇంట్లోని రెండు నెట్‌వర్కుల మధ్య చాటింపు చేరవేసే ఎండీఎన్‌ఎస్ రిఫ్లెక్టర్‌కు చాలావాటిలో అసలు వరసే ఉండదు, ఉన్నా టిక్కు ఉండకపోవచ్చు. వీల్యాన్లు పెట్టుకునే ఉద్దేశం ఉన్నవాళ్లు రౌటర్ కొనేముందు యాంటెనాల లెక్క తర్వాత చూసి, ముందు ఈ వరస ఉందో లేదో చూసుకోవడం మంచిది.